మంచి వ్యాసం కన్నా మధ్యరకం వ్యాసమే పనికొచ్చింది: ఒక తరగతి రాత నమూనాలపై కేస్ స్టడీ

పిల్లల రాత బాగుపడాలంటే క్లాసులో అందరికన్నా బాగా రాసినవాళ్ళ వ్యాసం చదివి వినిపించాలి అని మన టీచర్లలో చాలామంది నమ్మకం. ఈ ఏడాది తొమ్మిదో తరగతితో చేసిన పని తర్వాత నాకు ఆ నమ్మకం పెద్దగా మిగల్లేదు. మా పిల్లల చేత నిజంగా తిరగరాయించింది మధ్యరకం కాగితాలు. అంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, చదివాక చేతికి ఏమీ చిక్కని కాగితాలు. అది ఎలా జరిగిందో, ఎక్కడ జరగలేదో వివరంగా రాస్తున్నాను. ఇంకో టీచరెవరికైనా ఉపయోగపడితే సంతోషం.

తరగతిలో నలభైమందికి అటూ ఇటూగా ఉన్నారు. అందరికీ తెలుగు ఇంటి భాషే, మాట్లాడమంటే గంట సేపు మాట్లాడతారు. అయినా స్టాఫ్ రూమ్‌లో ఏడాది పొడుగునా వినపడే మాట ఒకటే, "వీళ్ళకి రాయడం రాదండీ". ఏం రాదు అని అడిగితే ఒకరు ఒత్తులు అంటారు, ఇంకొకరు విషయం లేదంటారు, మరొకరు దస్తూరి అంటారు. జబ్బేమిటో తేలకుండానే అందరం మందు మాత్రం ఒకటే వేస్తున్నాం: ఎర్ర పెన్ను. అందుకే ముందు పిల్లలు నిజంగా ఏం రాస్తున్నారో చూద్దామని నమూనాలు సేకరించాం.

ఇచ్చిన ప్రశ్న ఇది: "మీకు బాగా వచ్చిన పని ఏదైనా ఒకటి, అది అస్సలు రాని మనిషికి అర్థమయ్యేలా రాయండి." ఒక పీరియడ్ టైమ్, ఎవరి సాయమూ లేకుండా, క్లాసులోనే. ఈ ప్రశ్న ఎందుకంటే దీనికి ఏ గైడులోనూ జవాబు దొరకదు. పైగా పని వాళ్ళకి వచ్చినదే కాబట్టి కాగితం మీద ఏదైనా లోటు కనిపిస్తే అది తెలియకపోవడం వల్ల వచ్చింది కాదు, రాయడంలోదే అని చెప్పొచ్చు. "పర్యావరణ పరిరక్షణ" మీద వ్యాసం రాయిస్తే ఈ రెండూ కలిసిపోయి ఏది దేనివల్లో తేలదు. కొన్ని రోజుల తేడాతో ఇంకో పని మీద రెండో నమూనా కూడా తీసుకున్నాం. ఒక్క కాగితం చూసి పిల్లాడి రాత ఇంతే అని తీర్పు చెప్పకూడదు, ఆ రోజు వాడికి తలనొప్పి అయ్యుండొచ్చు.

తర్వాత చేసిన పని విసుగ్గా ఉంటుంది గానీ మానకూడదు. పేర్లు తీసేసి, నంబర్లు వేసి, కాగితాలన్నీ టైప్ చేయించాం, తప్పులు ఉన్నవి ఉన్నట్టుగానే. దస్తూరి బాగుంటే మనకి తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ పడతాయి, ఇది దిద్దే ప్రతివాళ్ళకీ లోపల తెలిసిన విషయమే. ఫోన్‌లో టైప్ చేసేవాళ్ళు ఒకటి చూసుకోవాలి, కీబోర్డు తనంతట తానే పదాలు సరిచేసేస్తుంది, దాన్ని ఆపకపోతే పిల్లల తప్పులన్నీ మాయమై మీకు అద్భుతమైన తరగతి కనిపిస్తుంది.

కట్ట మొత్తం పెన్ను పట్టుకోకుండా ఒకసారి చదివాను. ఇది చెప్పినంత తేలిక కాదు, చెయ్యి దానంతట అదే పెన్ను వైపు వెళుతుంది. తర్వాత మరో ఇద్దరు టీచర్లకి అవే కాగితాలు ఇచ్చి పదికి ఎన్నో వేయమన్నాను, ఏ సూచనలూ లేకుండా. ఒకే కాగితానికి ఒకరు ఎనిమిది, ఇంకొకరు నాలుగు వేసిన సందర్భాలున్నాయి. ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని ఎన్నో హైస్కూళ్ళకి పంపితే వందకి 64 నుంచి 98 దాకా మార్కులు వచ్చాయి. 1961లో అక్కడే పరీక్షలు తయారుచేసే ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ వాళ్ళు 300 వ్యాసాల్ని 53 మంది చేత తొమ్మిది మెట్ల స్కేలు మీద వేయిస్తే 94 శాతం వ్యాసాలకి కనీసం ఏడు వేరు వేరు మార్కులు పడ్డాయి. ఆ రెండో అధ్యయనంలో నాకు పనికొచ్చింది ఈ అంకెల కన్నా దాని తర్వాతి భాగం. ఎవరెవరు ఎందుకు అలా వేశారో విడదీసి చూస్తే, కొందరు భావాలకి, కొందరు తప్పొప్పులకి, కొందరు అమరికకి, కొందరు మాటల ఎంపికకి, కొందరు రాసినవాడి తీరుకి ఓటేశారని తేలింది. మా స్టాఫ్ రూమ్‌లో జరిగింది అచ్చం ఇదే. ఒకావిడ ఒత్తులు లెక్కపెట్టారు, ఇంకొకాయన విషయం చూశారు. ఇద్దరూ న్యాయంగానే దిద్దారు, కాకపోతే ఇద్దరూ వేరు వేరు వాటిని దిద్దారు.

రెండు కాగితాలు ఇక్కడ పెడతాను. మొదటిది ఒక అబ్బాయిది.

"సైకిల్ అనేది మానవ జీవితంలో ఎంతో ముఖ్యమైనది. సైకిల్ వలన అనేక ఉపయోగములు కలవు. సైకిల్ చైన్ ఊడిపోయినచో దానిని జాగ్రత్తగా ఎక్కించవలెను. ముందుగా సైకిల్‌ను ఆపి, తరువాత చైన్‌ను పట్టుకుని, తరువాత పళ్ళచక్రానికి తగిలించి, తరువాత పెడల్ తిప్పితే చైన్ ఎక్కుతుంది. కావున ప్రతి ఒక్కరూ చైన్ ఎక్కించడం నేర్చుకోవలెను."

రెండోది ఒక అమ్మాయిది.

"మా చెల్లికి నేనే జడ వేస్తాను. ముందు చిక్కు తీయాలి కింద నుంచి తీయాలి పైనుంచి దువ్వితే చిక్కు అంతా కిందకి వచ్చి ముడి పడుద్ది అప్పుడు అది ఏడుస్తది. మూడు పాయలు చేయాలి సమానంగ లేకపోతే జడ వంకర పోద్ది. కుడి పాయని మద్య పాయ మీద వేసి ఇప్పుడు అదే మద్య పాయ అవుద్ది. తర్వాత ఎడమ పాయని దాని మీద వేయాలి. ఈ పద్దతి వస్తే మిగతాది అంతా అదే."

తప్పులు లెక్కపెట్టే పద్ధతిలో మొదటి కాగితం సులువుగా గెలుస్తుంది, దాంట్లో ఒక్క అక్షరదోషం లేదు. రెండోదాంట్లో "మద్య", "పద్దతి", "సమానంగ", చుక్క లేని వాక్యాలు, మాట్లాడే భాష, అన్నీ ఉన్నాయి. కానీ ఈ రెండూ చదివాక మీకు ఏ పని చేయడం వచ్చింది? జడ వేయడం దాదాపు వచ్చేసింది. కింద నుంచి చిక్కు ఎందుకు తీయాలో కూడా తెలిసింది. చైన్ విషయంలో మాత్రం, చైన్ ఎక్కించాలంటే చైన్ ఎక్కించాలి అని తెలిసింది. "కుడి పాయ ఇప్పుడు మధ్య పాయ అవుతుంది" అని చెప్పడానికి రాసే మనిషి చదివేవాళ్ళ తలలోకి వెళ్ళి చూడాలి, అది నేర్పితే వచ్చే వాటిలో కష్టమైనది, ఆ పిల్లకి అది ముందే ఉంది. ఆ అబ్బాయి ఎవరి కోసమూ రాయలేదు, దిద్దేవాళ్ళ కోసం రాశాడు. "కలవు", "వలెను", "కావున" అతని ఇంట్లో ఎవరూ అనరు. వ్యాసం అంటే ఆ గొంతులోనే ఉండాలని మనమే, మన గైడ్లే నేర్పాం, అతను నేర్చుకున్నాడు. కట్టలో సగానికి పైగా ఈ బాపతు కాగితాలే.

దీంతో కొలిచే పద్ధతి మార్చుకున్నాం. ముగ్గురం కూర్చుని కాగితాలు రెండేసి పక్కపక్కన పెట్టి, "ఈ రెండింట్లో ఏది చదివితే పని చేయగలం?" అన్న ఒక్క ప్రశ్నే వేసుకుంటూ వెళ్ళాం. ఒక్కదానికి విడిగా మార్కు వేయడం కన్నా రెండింట్లో ఏది మెరుగు అని చెప్పడం మనుషులకి సులువు, అలా జతలుగా పోల్చి స్కేలు కట్టొచ్చని థర్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే చూపించాడు. మాకంత గణితం అక్కర్లేకపోయింది, వరస కుదిరితే చాలు. విచిత్రం ఏంటంటే, పదికి ఎన్ని అన్నప్పుడు కొట్టుకున్న ముగ్గురం ఇక్కడ చాలా జతల్లో ఒకే మాట మీదకి వచ్చాం. ఆ వరసలోంచి నాలుగు కాగితాలు, ఒక్కో మెట్టుకి ఒకటి, కొలబద్దగా తీసి పెట్టుకున్నాం. ఆ తర్వాత ఏ కాగితం వచ్చినా ఈ నాలుగింటి పక్కన పెట్టి దేనికి దగ్గరగా ఉందో చూడటమే. నాలుగు పేజీల రూబ్రిక్, అంటే ఏ మార్కుకి ఏమేం ఉండాలో చెప్పే పట్టిక, రాసుకునే ఓపిక ఉన్నవాళ్ళు రాసుకోండి, నాకు మాత్రం నమూనా కాగితం చేతిలో ఉంటేనే "క్రమబద్ధంగా ఉంది" అన్న మాటకి అర్థం తెలుస్తుంది.

ఇక పాఠం. ముందు అందరూ చేసేదే చేశాం, మెట్లలో పైన ఉన్న కాగితం చదివించాం. పిల్లలు బాగుందన్నారు. తర్వాత రాసిన వాటిలో అందులోని మొదటి వాక్యం ఆరేడు కాగితాల్లో యథాతథంగా దిగింది, మిగతాది ఎప్పటిలాగే. నమూనా చూపించడం వల్ల వచ్చే లాభం నిజంగానే చిన్నది. గ్రాహమ్, పెరిన్ అనే పరిశోధకులు 2007లో నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల మీద జరిగిన ప్రయోగాలు కలిపి చూసినప్పుడు, మంచి నమూనాల్ని చదివించడం వల్ల వచ్చిన ప్రభావం 0.25 (ఈ కొలతలో 0.2 దగ్గర ఉంటే చిన్నది, 0.8 దగ్గర ఉంటే పెద్దది), ప్లాన్ చేసుకోవడం, తిరగరాయడం లాంటి పద్ధతుల్ని అంచెలంచెలుగా నేర్పడం వల్ల వచ్చింది 0.82. పై మెట్టు కాగితంలో పిల్లలు చేయడానికి పని ఏమీ ఉండదు. చూసి మెచ్చుకోవాలి, అంతే.

అప్పుడు చైన్ కాగితం తీశాం. ఆ అబ్బాయి సరే అన్నాకే, పేరు చెప్పకుండా, టైప్ చేసిన ప్రతి. (క్లాసులో ఉన్న పిల్లల కాగితం బోర్డు మీదకి ఎక్కించేముందు అడగండి. వీలైతే వేరే సెక్షన్‌దో, పోయినేటిదో వాడండి. నవ్వులపాలైన పిల్లాడు మళ్ళీ నిజంగా రాయడు, సేఫ్‌గా "మానవ జీవితంలో" అనే రాస్తాడు.) సైకిల్ స్టాండ్ నుంచి ఒక సైకిల్ తెచ్చి చైన్ ఊడదీశాం. ఒకరు కాగితం చదవాలి, ఇంకొకరు అందులో ఉన్నది మాత్రమే చేయాలి, సొంత తెలివి వాడకూడదు. "చైన్‌ను పట్టుకుని" అనగానే చేసేవాడు చైన్ వెనక భాగం పట్టుకుని నిలబడ్డాడు. "పళ్ళచక్రానికి తగిలించి" అనగానే, "ఏ చక్రానికి? రెండున్నాయి కదా" అన్నాడు. "పెడల్ తిప్పితే" అనగానే ముందుకా వెనక్కా అని క్లాసంతా అరిచింది. ఆ కాగితం రాసిన అబ్బాయి కూడా అరిచాడు. నేను ఎర్ర పెన్నుతో "వివరంగా రాయాలి" అని ఎన్నిసార్లు రాసినా రాని ప్రశ్నలు రెండు నిమిషాల్లో వాళ్ళ నోటి నుంచే వచ్చాయి. వివరంగా అంటే ఎంత వివరం అన్నది టీచరు చెప్పలేడు, పని చేయలేక ఆగిపోయినవాడు చెప్తాడు.

అదే రోజు అతను తిరగరాసింది ఇది.

"చైన్ ఊడితే సైకిల్ దిగి స్టాండ్ వేయాలి. ముందు వెనక చిన్న చక్రం మీద చైన్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. తర్వాత పెడల్ దగ్గర ఉన్న పెద్ద చక్రం అడుగున నాలుగైదు పళ్ళకి చైన్ తగిలించి, వేలితో పట్టుకుని, రెండో చేత్తో పెడల్ మెల్లగా వెనక్కి తిప్పాలి. పళ్ళు చైన్‌ని పట్టుకోగానే వేలు తీసేయాలి, లేకపోతే నలిగిపోద్ది. చేతికి గ్రీజు అంటుద్ది, కాగితం ఉంటే ముందే పెట్టుకోండి."

వేలు నలిగే సంగతి, గ్రీజు సంగతి ఎవరూ అడగలేదు. అవి అతనే పెట్టాడు. చదివేవాళ్ళు ఒక మనిషి అని తట్టాక రాసే గొంతే మారిపోయింది, "వలెను"లు మాయమయ్యాయి. "నలిగిపోద్ది" మిగిలింది, అది తర్వాత చూసుకోవచ్చు. కానీ మా టీచర్లలో ఒకావిడ మాత్రం ఇది వ్యాసభాష కాదని చివరిదాకా ఒప్పుకోలేదు. ఆవిడతో నాకు సగమే పేచీ. "పోద్ది"ని "పోతుంది" చేయాల్సిందే, "వలెను"ని వెనక్కి తేవాల్సిన అవసరం మాత్రం లేదు.

జడ కాగితంతో వేరే పాఠం నడిచింది. మూడు తాళ్ళు కుర్చీకి కట్టి ఇదే ఆట ఆడించాం, అది గట్టిగానే నిలబడింది. అందులో పట్టుకున్నది ఒకే ఒక్క వాక్యం: "కుడి పాయని మధ్య పాయ మీద వేసి ఇప్పుడు అదే మధ్య పాయ అవుద్ది." "వేసి" అన్నాక వచ్చే క్రియ కూడా వేసినవాళ్ళదే కావాలి, ఇక్కడ వేసేది మనం, అయ్యేది పాయ. "వేసి" తీసి "వేస్తే" పెట్టండి, లేదా "వేశాక" పెట్టండి, వాక్యం నిలబడుతుంది. కట్టంతా వెతికితే ఈ రకం వాక్యాలు కుప్పలుగా దొరికాయి. మాట్లాడేటప్పుడు గొంతు, చేతులు సర్దేస్తాయి కాబట్టి బయటపడదు, కాగితం మీద పడిపోతుంది. అలాగే "తర్వాత, తర్వాత, తర్వాత". వీటికి వ్యాకరణ పాఠం పెట్టలేదు. వాళ్ళ కాగితాల్లోవే చిన్న చిన్న వాక్యాలు రెండేసి ఇచ్చి, "-గానే", "-ఆక", "-ఏలోపు", "-ఏదాకా", "-కుండా" వాడి ఒకటి చేయమన్నాం. పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఇదే. "చైన్ పట్టుకుంది. తర్వాత వేలు తీయాలి" అన్నది "చైన్ పట్టుకోగానే వేలు తీయాలి" అయినప్పుడు అర్థం కూడా మారిందని వాళ్ళే చెప్పారు, ఆలస్యం చేస్తే నలుగుతుంది కదా మరి.

అక్షరదోషాలకి వస్తే, అన్నీ దిద్దడం మానేశాను. తప్పు ఉన్న వరస పక్కన మార్జిన్‌లో ఒక చిన్న గీత, అంతే, ఏది తప్పో చెప్పను. వెతుక్కుని వాళ్ళే సరిచేయాలి. హాస్వెల్ అనే అధ్యాపకుడు 1983లో కాలేజీ విద్యార్థులతో ఇలా చేసి, గీత పెట్టిన తప్పుల్లో 60 శాతానికి పైగా వాళ్ళే సరిచేసుకోగలిగారని చూపించాడు. మా పిల్లలు చిన్నవాళ్ళు, అయినా చాలా దీర్ఘాలు, సున్నాలు, చుక్కలు వాళ్ళే పట్టుకున్నారు. మిగిలిపోయినవే నాకు కావలసినవి. కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో చూపిన తేడా ఇక్కడ బాగా పనికొచ్చింది, తెలిసి జారిన తప్పు వేరు, తెలియక చేసే తప్పు వేరు. ఒకచోట "పద్ధతి", ఇంకోచోట "పద్దతి" రాసినవాడికి గీత చాలు. ప్రతిచోటా "మద్య" అనే రాసేవాడికి గీత పెట్టి లాభం లేదు, వాడికి అది తప్పని తెలియదు, కూర్చోబెట్టి చెప్పాలి. మా తరగతిలో ఆ రెండో రకం తప్పులు చూస్తే పెద్ద జాబితా కాదు: ధ-ద, థ-ధ ("విద్యార్ధి"), ట-ఠ ("కష్ఠం"), శ-ష-స, ళ-ల, ణ-న. వారానికి ఒక జత తీసుకుంటే ఏడాది కూడా అక్కర్లేదు. ఇన్నాళ్ళూ ప్రతి నోటుబుక్కులో ప్రతిసారీ అన్నీ దిద్దుతూ మన కళ్ళు పోగొట్టుకున్నది దీనికేనా అనిపించింది.

మార్కుల దగ్గర గొడవైంది. మొదటి రాతకి మార్కు వేయకుండా ఒక్క ప్రశ్నో, ఒక్క సూచనో మాత్రమే రాసి ఇస్తానన్నాను, తిరగరాశాకే మార్కు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, మార్కూ వ్యాఖ్యా కలిపి అందుకున్నవాళ్ళు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే ఉండిపోయారు. పిల్లల్ని చూసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు, మార్కు కనిపించాక కింద ఉన్న రెండు లైన్లు ఎవరు చదువుతారు? అయినా తల్లిదండ్రులకి టెన్షన్, "మా వాడికి ఎంతొచ్చిందో చెప్పండి" అని. వాళ్ళకి నాలుగు మెట్ల కాగితాలు చూపించి, మీ వాడి రాత దేని పక్కన పెడతారో మీరే చెప్పండి అని చేతికిచ్చాను. చదివారు, పెట్టారు, చాలామంది నేను పెట్టిన చోటే పెట్టారు. ఆ తర్వాత మార్కు అడిగినవాళ్ళు తక్కువ.

ఏడాది చివర అదే రకం ప్రశ్న, వేరే పని, అదే ఒక పీరియడ్. పాత, కొత్త కాగితాలు కలిపేసి, ఏది ఎప్పటిదో తెలియని టీచర్ల చేత జతలుగా పోల్పించాం. ఎక్కువమందికి కొత్తదే ముందుకొచ్చింది. "మానవ జీవితంలో" తరహా మొదలు దాదాపు పోయింది. కాగితాలు పొడుగు పెరగలేదు, కొందరివి తగ్గాయి కూడా. పోలిక చేసే టీచర్లు ఎక్కువగా ఆగి చర్చించుకున్నది అమరిక దగ్గర, అంటే ముందు చెప్పాల్సింది ముందు చెప్పడం. అందులోనే ఎక్కువ మార్పు ఉంది. వాక్యం మధ్యస్తంగా మెరుగైంది. చుక్క పెట్టడం మాత్రం దాదాపు అక్కడే ఉంది. పిల్లలు గట్టిగా చదువుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో అక్కడ చుక్క పెట్టమంటే ఒకరిద్దరికి పనిచేసింది, అందరికీ కాదు. కింది మెట్టులో ఉన్న నలుగురైదుగురికి ఈ పద్ధతి మొత్తం పెద్దగా అందలేదు. వాళ్ళకి సమస్య రాయడం కన్నా ముందుది, చదవడం దగ్గరే తడబడుతున్నారు. వాళ్ళు నోటితో చెప్తుంటే నేను రాసి, దాన్నే వాళ్ళ చేత చదివించి, దిద్దించడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పని వివరించడంలో ఇంత బాగుపడిన పిల్లల చేతే హెడ్మాస్టరుకి లైబ్రరీ పీరియడ్ పెంచమని ఉత్తరం రాయిస్తే "పుస్తకములు మానవునికి మంచి నేస్తములు కలవు" అన్న రకం వాక్యాలు తిరిగి వచ్చేశాయి, చైన్ అబ్బాయి కాగితంలో కూడా. ఒక రకం రాతలో వచ్చిన మెరుగు ఇంకో రకానికి దానంతట అదే పాకదు. సైకిల్ ముందు ఆగిపోయినవాడు ఎక్కడ ఆగాడో కళ్ళ ముందు కనిపిస్తాడు, ఉత్తరం చదివి ఒప్పుకోని హెడ్మాస్టరు కనిపించడు. కాబట్టి ఉత్తరానికి కూడా చదివేవాళ్ళని కూర్చోబెట్టాం. ఒక పిల్ల హెడ్మాస్టరుగా కూర్చుని ప్రతి వాక్యానికీ "అయితే ఏంటి?", "ఆ పీరియడ్ ఎక్కణ్ణుంచి తేవాలి?" అని అడుగుతుంది. మొదటి కట్ట వచ్చింది. అందులో "లెక్కల పీరియడ్ తీసుకోండి" అని రాసిన కాగితం ఒకటి మధ్య మెట్టులో పెట్టాను, వచ్చే వారం దాన్నే బోర్డు మీదకి తీసుకుంటున్నాం, లెక్కల టీచరు కూడా వస్తానన్నారు.